పూర్తి దూరం ఐరన్‌మ్యాన్‌కు బ్రిక్ సాధన: ప్రతి ఆదివారం గంటన్నర పరుగు మీకు అక్కర్లేదు

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. గత ఏడాది గోవాలో 70.3 (సగం దూరం ఐరన్‌మ్యాన్) పూర్తి చేశారు. సైకిలు 3 గంటల 10 నిమిషాల్లో ముగించారు, పరుగులో మాత్రం 14వ కిలోమీటరు నుంచి నడక తప్పలేదు. ఈ నవంబరులో మలేసియాలోని లంకావీలో పూర్తి దూరం చేయాలనుకుంటున్నారు. ఉద్యోగం, ఇల్లు పోను వారానికి పది పదకొండు గంటలు దొరుకుతాయి. ఇంటర్నెట్‌లో కొన్న శిక్షణ ప్రణాళిక ప్రతి ఆదివారం 5 గంటల సైకిలు, దిగిన వెంటనే 90 నిమిషాల పరుగు అంటోంది. మీతో సైకిలు తొక్కే మిత్రుడేమో బ్రిక్ (సైకిలు దిగిన వెంటనే పరుగు) అంతా వృథా, పరుగు విడిగా చేసుకుంటే చాలంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. సైకిలు దిగి పరుగెత్తే సాధన మీకు కావాలి. కానీ ప్రణాళికలో రాసినంత అక్కర్లేదు, అందులో చెప్పిన కారణానికీ అక్కర్లేదు. కాళ్లకు పరుగు నేర్పుతుందని చాలామంది బ్రిక్ చేస్తారు. పూర్తి దూరంలో దాని అసలు ఉపయోగం వేరు: మీరు సైకిలు ఎలా తొక్కారో, దాని మీద ఏం తిన్నారో, ఏం తాగారో ఆ తర్వాతి అరగంట పరుగు దాచకుండా చెప్పేస్తుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి ప్రతి వారం గంటన్నర పరుగెత్తనక్కర్లేదు.

కొత్తగా చదివేవారి కోసం రెండు ముక్కలు. పూర్తి దూరం ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ అంటే 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిలు, 42.2 కి.మీ. పరుగు. 70.3 అంటే అందులో సగం. ఒకే సాధనలో సైకిలు దిగి, ఆగకుండా బూట్లు మార్చుకుని పరుగందుకోవడాన్ని బ్రిక్ అంటారు.

ఇక కాళ్ల సంగతి. సైకిలు మీద కాళ్లకు ఎక్కడా నేల దెబ్బ తగలదు. నడుము వంగి, తుంటి ముడుచుకుని, గంటల తరబడి ఒకే గుండ్రటి కదలికలో కండరం కుదించుకుంటూ పెడలును తోస్తుంది. దిగి పరుగు మొదలుపెట్టగానే పని తారుమారవుతుంది. ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం నేల నుంచి తిరిగి తగులుతుంది. కండరం సాగుతూనే ఆ బరువును ఆపాలి. అప్పటిదాకా మడిచి ఉంచిన తుంటి ఒక్కసారిగా వెనక్కి తెరుచుకోవాలి. అందుకే మొదటి కొన్ని నిమిషాలు కాళ్లు ఎవరివో తెచ్చి తగిలించుకున్నట్టు ఉంటాయి. ఇలా దిగి పరుగెత్తినప్పుడు అదే వేగానికి ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ ఖర్చవుతుందని, బాగా ఆరితేరిన క్రీడాకారుల్లో ఈ తేడా అంతగా కనిపించదని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు కూడా. కాబట్టి అలవాటు వల్ల లాభం ఉందన్నది నిజమే. మీ మిత్రుడి మాట ఇక్కడ చెల్లదు.

అయితే ఈ ఇబ్బంది ఉండేది ఎంతసేపు? అలవాటున్నవారికి ఐదు నిమిషాలు, లేనివారికి పది, పదిహేను నిమిషాలు. ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్‌లో పరుగు 10 కిలోమీటర్లే కనుక పది నిమిషాలంటే పోటీలో పెద్ద భాగం. అక్కడ బ్రిక్ మీద బ్రిక్ చేయడానికి అర్థముంది. మీరు పరుగెత్తబోయేది నాలుగున్నర, ఐదు గంటలు. అందులో మొదటి పది నిమిషాలు గట్టిగా అనిపిస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, నెమ్మదిగా వెళతారు, అంతే. ఇంకా చెప్పాలంటే నెమ్మదిగా వెళ్లడమే మేలు. తక్కువ దూరం పోటీల నుంచి వచ్చిన సలహాను ఎక్కువ దూరానికి సాగదీసి, దానికి తగ్గట్టు నిమిషాలు కూడా పెంచేశారు చాలా ప్రణాళికల్లో. మీరు కొన్నదీ ఆ బాపతే.

పూర్తి దూరం మారథాన్ తేలేది 25వ కిలోమీటరు తర్వాత. అప్పటికి తొడలు దెబ్బతిని ఉంటాయి, గ్లైకోజెన్ (కండరాల్లో నిల్వ ఉండే చక్కెర) అడుగంటి ఉంటుంది, కడుపు మొరాయిస్తుంది, ఎండ నెత్తికెక్కి ఉంటుంది. ఆ స్థితికి సాధనలోనే వెళ్లి అలవాటు చేసుకుందామంటే కోలుకోవడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజుల్లో చేయవలసిన మంచి సాధనంతా పోతుంది. ఆ స్థితి వీలైనంత ఆలస్యంగా వచ్చేలా చూసుకోవాలి. దాని తాళం చెవి సైకిలు దగ్గర ఉంది.

ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. చదునైన రోడ్డు మీద 180 కిలోమీటర్లు గంటకు 27 చొప్పున తొక్కితే 6 గంటల 40 నిమిషాలు. 28 చొప్పున తొక్కితే దాదాపు 6 గంటల 26 నిమిషాలు. లాభం 14 నిమిషాలు. గాలి నిరోధం వేగంతో పాటు చాలా త్వరగా పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క కిలోమీటరు కోసం మీరు పెట్టవలసిన శక్తి సుమారు 8 నుంచి 10 శాతం ఎక్కువ. అంటే ఎఫ్‌టీపీలో (సుమారు గంటసేపు నిలపగలిగే గరిష్ఠ సైకిలు శక్తిలో) 70 శాతం దగ్గర తొక్కవలసిన మనిషి 76, 77 శాతం దగ్గర తొక్కుతాడు. ఆరున్నర గంటల పాటు! దాని బిల్లు పరుగులో వస్తుంది. చివరి 15 కిలోమీటర్లు కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున నిదానంగా పరుగెత్తగలిగితే 105 నిమిషాలు. నడకలోకి దిగి కిలోమీటరుకు 10 నిమిషాలు పడితే 150. పోయింది 45 నిమిషాలు, వచ్చింది 14. సైకిలు మీద సంపాదించానని పొంగిపోయేవారు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే మంచిది.

మీ గోవా పరుగు కూడా ఈ లెక్కలోనే పోయిందని నా అనుమానం. మీరు రాసిన ప్రకారం విడిగా హాఫ్ మారథాన్ 2 గంటల 5 నిమిషాల్లో పరుగెత్తగలరు. అలాంటి మనిషి 14వ కిలోమీటరు దగ్గర నడవడానికి కాళ్లకు బ్రిక్ అలవాటు లేకపోవడం కారణం కాదు. అలవాటు లేకపోతే మొదటి రెండు కిలోమీటర్లలో ఇబ్బంది పడేవారు. మీరేమో మొదటి ఐదు కిలోమీటర్లు కిలోమీటరుకు 5:40 నిమిషాల చొప్పున వెళ్లానని రాశారు, విడిగా పరుగెత్తే హాఫ్ కన్నా వేగంగా! సైకిలు మీద గట్టిగా తొక్కి, దిగాక ఇంకా గట్టిగా పరుగెత్తి, గోవా తేమలో మధ్యాహ్నం దొరికిపోయారు.

ఈ మొదటి కిలోమీటర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బ్రిక్ నేర్పే మొదటి పాఠం ఇక్కడే ఉంది. మూడు గంటలకు పైగా చెవుల్లో గాలి హోరు, పక్కనుంచి చెట్లు జారిపోతుండగా 28, 30 వేగంలో ఉన్న మనిషి నేల మీద కాలు పెట్టగానే లోకమంతా ఆగిపోయినట్టు అనిపిస్తుంది. నడుస్తున్నానేమో అనుకుంటాడు. పెడలు తిప్పిన లయే ఇంకా కాళ్లలో ఉంటుంది, కాబట్టి అడుగులు చిన్నవిగా, గబగబా పడతాయి. గుండె వేగం అప్పటికే పైన ఉంది, ఊపిరి ఆడుతోంది, కష్టమేమీ తెలియదు. వాచీ వంక చూస్తే 5:20. అనుకున్నది 6:30. "ఈ రోజు కాళ్లు బాగున్నాయి" అన్న మాట మనసులో మెదులుతుంది. ఆ మాటను నమ్మకూడదని నేర్చుకోవడానికి ఇరవై నిమిషాల పరుగు చాలు, కానీ పలుమార్లు చేయాలి. మొదటి కిలోమీటరు అనుకున్న వేగం కన్నా 20, 30 సెకన్లు నెమ్మదిగా ఉండాలని నియమం పెట్టుకుని, వాచీ చూడకుండా పరుగెత్తి, కిలోమీటరు చివర మాత్రమే చూడండి. నెలరోజుల్లో ఒళ్లే కొలత చెబుతుంది.

పెడలు లయ గురించి ఒక మాట. 2002లో గాట్‌షాల్, పామర్ అనే పరిశోధకులు ట్రయథ్లెట్లతో అరగంట సైకిలు తొక్కించి, వెంటనే 3,200 మీటర్లు పరుగెత్తించారు. పెడలు వేగంగా తిప్పి దిగినప్పుడు పరుగులోనూ అడుగులు త్వరగా పడ్డాయి, పరుగు సమయం తగ్గింది. అది చిన్న పరుగు, మారథాన్‌కు అచ్చంగా వర్తించదు. అయినా చివరి పది, పదిహేను నిమిషాలు ఒక గేరు తేలిక చేసి, నిమిషానికి 90 ప్రాంతంలో తిప్పుతూ, రెండు మూడుసార్లు పెడళ్ల మీద నిలబడి పిక్కలు, నడుము సాగదీసుకుంటే పోయేదేమీ లేదు. నేను అలాగే చేస్తాను, నాతో సాధన చేసేవారితో చేయిస్తాను.

మరి ఎంత చేయాలి? మీ వారానికి 11 గంటలు అనుకుందాం. ప్రణాళిక ప్రకారం ఆదివారమే ఆరున్నర గంటలు పోతాయి. మిగిలిన నాలుగున్నర గంటల్లో ఈత, వేగపు పరుగు, ట్రైనర్ (ఇంట్లో సైకిలును నిలబెట్టి తొక్కే సాధనం) మీద సైకిలు అన్నీ సర్దాలి. సర్దినా మంగళవారం దాకా కాళ్లు లేవవు, బుధవారం వేగపు పరుగు పేరుకే. గురువారానికి మామూలు మనిషయ్యేసరికి మళ్లీ ఆదివారం ఎదురుగా ఉంటుంది. ఇలా పన్నెండు వారాలు చేస్తే అలసట పోగవుతుంది తప్ప వేగం పెరగదు.

వృత్తి క్రీడాకారులు పెద్ద బ్రిక్‌లు చేస్తారు కదా అంటారేమో. 2018లో జర్మనీకి చెందిన ప్యాట్రిక్ లాంగే, హవాయిలోని కోనాలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీని 7 గంటల 52 నిమిషాల్లో ముగించాడు, అక్కడ ఎనిమిది గంటల లోపు వచ్చిన తొలి మనిషి అతనే. అలాంటివారికి 180 కిలోమీటర్లు నాలుగుంపావు గంటల వ్యవహారం. సాధన చేసి, తిని, పడుకోవడమే వాళ్ల ఉద్యోగం. మీరు సోమవారం ఉదయం తొమ్మిదింటికి మీటింగులో కూర్చోవాలి. వాళ్ల వారాన్ని మీ వారంలోకి దించుకోకండి.

నేనైతే మీకు ఇలా వేస్తాను. పోటీకి పన్నెండు వారాల ముందు వరకు, వారం మధ్యలో ఇంట్లో ట్రైనర్ మీద గంట తొక్కిన రోజున, దిగి పది, పదిహేను నిమిషాలు కాలనీలోనే పరుగు. చెమట తుడుచుకుని, బూట్లు తొడుక్కుని బయటికి, అంతే. ఆదివారం పొడవైన సైకిలు తర్వాత పరుగు ఉన్నా లేకున్నా ఫరవాలేదు. పన్నెండో వారం నుంచి ఐదో వారం దాకా, వారం విడిచి వారం, పొడవైన సైకిలు తర్వాత 20 నుంచి 30 నిమిషాలు. అరగంట దాటవద్దు, ఎంత హుషారుగా ఉన్నా సరే.

మిగతా వారాల్లో బ్రిక్‌ను రెండు రోజులకు చీల్చండి: శనివారం పొడవైన సైకిలు, ఆదివారం తెల్లవారుజామున పొడవైన పరుగు. రాత్రి తిని పడుకున్నారు కాబట్టి పరుగు భంగిమ చెడదు, గాయాల భయం తక్కువ. అయినా తొడల్లో నిన్నటి బరువు ఉంటుంది, అలసిన కాళ్లతో పరుగెత్తే అలవాటు వస్తుంది. కావలసిన లాభంలో చాలా భాగం ఇలాగే దొరుకుతుంది. పూర్తి దూరానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోడీ ఇదే. ఎవరూ దీన్ని ఫొటో తీసి పెట్టుకోరు కాబట్టి పెద్దగా పేరు రాలేదు.

ఇవి కాక పెద్ద బ్రిక్ రెండంటే రెండు, అరగంట నియమం వాటికి వర్తించదు. ఏడు వారాల ముందు ఒకటి, నాలుగు వారాల ముందు ఒకటి. మొదటిది 5 గంటల సైకిలు, చివరి రెండు గంటలు పోటీలో తొక్కబోయే శక్తితో, తర్వాత గంట పరుగు. రెండోది నాలుగున్నర గంటలు, అందులో మూడు గంటలు పోటీ శక్తితో, తర్వాత గంటా పావు పరుగు. ఆ రెండు వారాల్లో విడిగా పొడవైన పరుగు పెట్టుకోకండి. ఇవి నాటకానికి ముందు వేషాలతో చేసే పూర్తి రిహార్సల్ లాంటివి: పోటీలో వేసుకోబోయే బట్టలు, అదే హెల్మెట్, అవే బూట్లు, అవే సీసాలు, పోటీ రోజు లేచే సమయానికే లేచి, అదే ఉదయపు తిండి. చూడవలసినవన్నీ ఆ రోజే చూడాలి.

హైదరాబాద్‌లో ఉన్నారు కనుక చోటు గురించి కూడా చెబుతాను. 2023 అక్టోబరులో తెరిచిన ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్క సోలార్ సైకిల్ ట్రాక్ ఈ పనికి బాగుంటుంది. మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5. సిగ్నళ్లూ, ఎదురొచ్చే లారీలూ లేకపోవడం వల్ల ఒకే శక్తిని గంటల తరబడి నిలపవచ్చు. ఊళ్లో రోడ్ల మీద అది సాధ్యం కాదు, ప్రతి కూడలిలోనూ కాళ్లకు విశ్రాంతి దొరికి లెక్కలు తప్పుతాయి. ఒక చిక్కు మాత్రం ఉంది: పైన సోలార్ పలకల నీడ. లంకావీలో మీకు నీడ పట్టేవారు ఎవరూ ఉండరు. సైకిలు అక్కడ తొక్కినా పరుగు మాత్రం బయట ఎండలో చేయండి. బూట్లు, టోపీ, నీళ్లు కారు డిక్కీలో సిద్ధంగా ఉంచుకుంటే దిగాక మూడు నాలుగు నిమిషాల్లో బయల్దేరవచ్చు. పావుగంట కబుర్లు చెప్పుకున్నాక మొదలుపెడితే అది బ్రిక్ కాదు, ఒకే రోజు చేసిన రెండు సాధనలు.

ఇప్పుడు అసలు పని: ఆ అరగంట పరుగు ఏం చెప్పిందో చదవడం. మూడు అంకెలు రాసుకోండి. మొదటి కిలోమీటరు వేగం, పదో నిమిషంలో గుండె వేగం, ఇరవై ఐదో నిమిషంలో గుండె వేగం. మామూలు రోజున అదే పరుగు వేగానికి మీ గుండె ఎంత కొట్టుకుంటుందో తెలిసే ఉంటుంది. ఐదారు ఎక్కువ ఉండి, అక్కడే నిలబడితే సైకిలు సరిగ్గా తొక్కినట్టే. పది, పదిహేను ఎక్కువ ఉండి, ఇంకా ఎక్కుతూ పోతుంటే ఏదో తప్పింది. ఏది తప్పిందో చాలావరకు లక్షణాలే చెబుతాయి. కాళ్లు బాగానే ఉండి గుండె మాత్రమే పరుగు తీస్తుంటే నీళ్లో, ఎండో కారణం. గుండె ఎక్కనంటుంది, కాళ్లు సీసపు ముద్దల్లా ఉన్నాయి, తల మొద్దుబారి పక్కవాడి మీద చిరాకు వస్తోంది అంటే సైకిలు మీద తిండి చాలలేదు. గుండె, ఊపిరి అన్నీ మామూలే కానీ తొడల ముందుభాగం అడుగడుక్కీ మండుతుంటే పెద్ద గేరులో, ఎత్తుల మీద జోరుగా తొక్కారు. ఇవి వైద్య నిర్ధారణలు కావు, చాలామంది డైరీలు పక్కపక్కన పెట్టి చూడగా తేలిన గుర్తులు. కానీ చాలా సందర్భాల్లో వీటితోనే దారి దొరుకుతుంది.

తిండి విషయానికి వస్తే, పూర్తి దూరంలో బ్రిక్ చేయడానికి ఇదొక్కటే కారణమైనా నేను చేయమనే చెబుతాను. గంటకు 70 గ్రాముల పిండిపదార్థం చొప్పున ఆరున్నర గంటలకు 455 గ్రాములు. 25 గ్రాముల జెల్లుల్లో (చిన్న కవర్లలో వచ్చే చిక్కటి తీపి ముద్దల్లో) చెప్పాలంటే 18. నాలుగో గంటలో జెల్ కవరు చూస్తేనే డోకు వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. కాబట్టి సీసాలో కలిపింది కొంత, జెల్ కొంత, అరటిపండో ఖర్జూరమో ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంపో కొంత. ఇడ్లీ జేబులో పెట్టుకుని వెళ్లే మిత్రులున్నారు. మొదటి రెండు గంటల్లో హాయిగా దిగుతుంది, ఎండెక్కాక గొంతుకు అడ్డం పడుతుంది. సైకిలు మీద చివరి 40 నిమిషాలు గట్టి పదార్థం మానేసి సీసాకే పరిమితం కండి. పరుగు మొదలయ్యాక కడుపులో ఏదైనా మిగిలి ఉంటే అది ప్రతి అడుగుకీ అటూ ఇటూ కొట్టుకుంటుంది. సైకిలు మీద చాలాసార్లు కడుపు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తిండి పరుగులో నిలబడుతుందా లేదా అన్నది మాత్రం దిగి పరుగెత్తితేనే తెలుస్తుంది. పరుగులో కూడా ఇరవయ్యో నిమిషంలో ఒక జెల్ తీసుకుని చూడండి. లంకావీలో నిర్వాహకులు ఏ పానీయం, ఏ జెల్ ఇస్తారో పోటీ సమాచార పత్రంలో ఉంటుంది. వాటి మీద ఆధారపడేట్టయితే ముందే తెప్పించుకుని పెద్ద బ్రిక్‌లలో వాడండి.

నీళ్ల లెక్కకు ఇంట్లో బరువు యంత్రం చాలు. బయల్దేరే ముందు 72 కిలోలు, తిరిగొచ్చి బట్టలు మార్చుకున్నాక 70.5, మధ్యలో తాగింది మూడున్నర లీటర్లు, సమయం 5 గంటలు అనుకోండి. పోయిన చెమట దాదాపు 5 లీటర్లు, గంటకు లీటరు. ఒకటి ఒకటిన్నర కిలో తగ్గడం మామూలే. బరువు పెరిగి తిరిగొస్తే మాత్రం జాగ్రత్త, మంచినీళ్లు అతిగా తాగి రక్తంలో సోడియం పలచబడటం ప్రాణాంతకం కాగలదు. సీసాల్లో ఉప్పు, ఎలక్ట్రోలైట్ మరవకండి.

ఎండ గురించి. హైదరాబాద్ ఎండ వేరు, లంకావీ ఎండ వేరు. మన దగ్గర పొడి వేడి, చెమట పట్టగానే ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. అక్కడ సముద్రపు తేమలో చెమట ఆరదు, కారిపోతుంది. ఈ విషయంలో విశాఖ, కాకినాడ వాళ్లు మనకన్నా అదృష్టవంతులు. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా తొక్కి, పదింటికి దిగి పరుగెత్తితే సగం లంకావీ అక్కడే చూడవచ్చు. మీకు వీలైతే ఒక పెద్ద బ్రిక్‌కు అటు వెళ్లి రండి. లేదంటే రెండు పెద్ద బ్రిక్‌లలోనూ పరుగు పదింటి తర్వాత పడేలా బయల్దేరే సమయం జరపండి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు కాబట్టి వేసవి నుంచే ఎండలో మాడిపోనక్కర్లేదు. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు ఏప్రిల్‌లో అక్కడి పూర్తి దూరం పోటీకి తయారవుతూ ఇదే అడుగుతుంటారు, చలికాలమంతా చల్లటి గాలిలో సాధన చేసి పోటీ రోజున ఉక్కలో పరుగెత్తడం ఎలా అని. వాళ్లకు చెప్పేది ఇదే: చివరి మూడు వారాల్లో ఫ్యాను ఆపేసి ట్రైనర్, పక్కనే ట్రెడ్‌మిల్, అరగంట. నీళ్లు దగ్గర పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చేయండి. తల తిరిగితే వెంటనే ఆపేయాలి.

కొందరు బ్రిక్ తగ్గించుకోవాలి, కొందరు పూర్తిగా మానుకోవాలి. మడమ నొప్పి, అకిలిస్ స్నాయువు నొప్పి ఉన్నవారు, పరుగు మొదలుపెట్టి ఏడాది కానివారు, బరువు ఎక్కువ ఉన్నవారు పొడవైన సైకిలు తర్వాత పది నిమిషాలు మించకూడదు. అలసిన పిక్కలు దెబ్బను ఆపలేవు, ఆ భారమంతా మడమ మీద, మోకాలి మీద పడుతుంది. వీళ్లకు శనివారం–ఆదివారం జోడీయే మేలు. మీకు గతంలో పిక్క పట్టేసిందని రాశారు కాబట్టి గంట పరుగుకు ముందు అరగంట పరుగులు ఇబ్బంది లేకుండా గడిచాయో లేదో చూసుకోండి. ఒక వైపే నొప్పి మొదలైతే ఆ రోజుకు నడిచి ఇంటికి రండి. మొండికేస్తే పోయేది ఒక బ్రిక్ కాదు, పోటీ.

బట్టలు, బూట్లు మార్చుకోవడం గురించి పెద్దగా రాయను. సాగే లేసులు వేయించుకోండి, మేజోళ్లు పొడివి ఉంచుకోండి, మార్చుకునే చోట కుర్చీ కనబడితే కూర్చోండి. పూర్తి దూరంలో రెండు నిమిషాలు కూర్చుని వ్యాసెలిన్ రాసుకున్నవాడు ఇరవై నిమిషాల బొబ్బల బాధ తప్పించుకుంటాడు.

పోటీ వారంలో ఒకే ఒక్క బ్రిక్: గురువారం 40 నిమిషాలు తేలిగ్గా సైకిలు, మధ్యలో పోటీ శక్తితో ఐదేసి నిమిషాల ముక్కలు రెండు, దిగి పది నిమిషాల పరుగు. లంకావీ చేరాక విమానంలో వచ్చిన సైకిలు సరిగ్గా బిగిసిందో లేదో, గేర్లు మారుతున్నాయో లేదో కూడా అందులోనే తేలిపోతుంది. మొదటి పెద్ద బ్రిక్ అయ్యాక ఆ మూడు అంకెలూ, ఏం తిన్నారో, ముందూ తర్వాతా బరువులూ ఇక్కడ రాయండి. రెండోదానికి సైకిలు శక్తి ఎంత పెట్టాలో వాటిని చూసి చెబుతాను.